యార్డులో షంటింగ్‌కి లారీ లైసెన్స్ అక్కర్లేదా?

గోదారోడు:
నేను ఇంగ్లండ్‌లో, మిడ్‌లాండ్స్ వైపు లారీ నడుపుతాను. క్లాస్ వన్, అంటే ట్రెయిలర్ బండి లైసెన్స్ ఉంది. ఇక్కడ లేనివాళ్ల కోసం ముందు పని సంగతి చెప్తాను. డావెంట్రీ, లటర్‌వర్త్ చుట్టుపక్కల ఎటు చూసినా గోడౌన్లే. రోడ్డు డ్రైవర్ ట్రెయిలర్ తెచ్చి యార్డులో వదిలేసి, ఇంకోటి తగిలించుకుని వెళ్లిపోతాడు. ఆ వదిలిన దాన్ని డోరుకి పెట్టేవాడు, సరుకు దిగాక తీసి పార్కింగ్‌లో పెట్టేవాడు యార్డ్ షంటర్. అందుకోసం టగ్ అనే పొట్టి బండి ఇస్తారు. 13.6 మీటర్ల ట్రెయిలర్‌ని అటొకటి ఇటొకటి ఉన్న సందులోకి వెనక్కి తోయాలి. వానలో, చీకట్లో కూడా.

మా డిపోలో ఈ మధ్య లోపల పెట్టెలు సర్దే కుర్రాళ్లకి కొన్నాళ్లు నేర్పి టగ్ తాళాలు ఇస్తున్నారు. లారీ లైసెన్స్ లేదు. కొందరికి కారు లైసెన్స్ కూడా లేదు. అడిగితే "ప్రైవేటు స్థలం, చట్టం అడ్డు చెప్పదు" అంటున్నారు. ఇది తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

జెబెల్ అలీ శీను:
తప్పే అన్నా. ఇంకా అడగాలా?

టగ్ బాబు:
గోదారోడు గారూ, నేనూ అలాంటి కుర్రాడినే. మీ డిపో కాదు లెండి. ఎమ్మెస్‌కి వచ్చాను. చదువు నడిచేటప్పుడు వారానికి 20 గంటలే పని చెయ్యనిస్తారు కాబట్టి గోడౌన్‌లో చేరాను. డిగ్రీ అయ్యాక వీసా మారింది, అదే గోడౌన్‌లో టగ్ మీదికి వచ్చాను.

చట్టం మీ డిపో వాళ్లన్నట్టే ఉంది. జనం రాని ప్రైవేటు స్థలంలో లైసెన్స్ అక్కర్లేదు. అలాగని ఎవడికి పడితే వాడికి తాళాలు ఇవ్వమనీ లేదు. 1974 నాటి ఆరోగ్య భద్రతా చట్టం, పనిముట్ల మీద 1998లో వచ్చిన నిబంధనలు యజమానిని అడిగేది ఒకటే, ఆ యంత్రం నడిపేవాడికి సరిపడా శిక్షణ ఇచ్చావా అని. నాకిచ్చారు. నా పక్కన ఒక పాత షంటర్‌ని కూర్చోబెట్టి, ఖాళీ ట్రెయిలర్లతో మొదలుపెట్టి, ఆయన సంతకం పెట్టాకే ఒంటరిగా వదిలారు.

మీ క్లాస్ వన్ పరీక్షలో వెనక్కి తోయడం ఎంతసేపు ఉంటుంది? కోన్‌లు పెట్టిన ఖాళీ స్థలంలో ఒకసారి తోసి, ఒకసారి ట్రెయిలర్ విప్పి తగిలిస్తే అయిపోయింది. మిగతాదంతా రోడ్డు మీద నడిపి చూపించడమే. నేను ఒక్క షిఫ్టులో చేసేంత రివర్స్ రోడ్డు డ్రైవర్ వారంలో కూడా చెయ్యడు.

గోదారోడు:
రివర్స్ గురించి ఎవరన్నారు తమ్ముడూ? రివర్స్ కోతికి కూడా నేర్పొచ్చు. ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు. ట్రెయిలర్ కిందికి టగ్ పెట్టి ఎత్తాక, ఎర్ర పైపు తగిలించే ముందు ఏం చూస్తావు?

టగ్ బాబు:
టగ్ హ్యాండ్ బ్రేక్ వేసి ఉందా లేదా అని.

గోదారోడు:
అంతేనా?

టగ్ బాబు:
టగ్ బ్రేక్ పడి ఉంటే బండి ఎక్కడికి పోతుందండీ?

గోదారోడు:
అదీ సంగతి. చదివేవాళ్లందరూ చూడండి.

గాలి బ్రేకు తెలియనివాళ్లకి చెప్తున్నాను. ట్రెయిలర్ నుంచి ఎర్ర పైపు, అంటే బ్రేకుల గాలి పైపు, తీసెయ్యగానే దాని బ్రేకులు వాటంతట అవే పడతాయి. దాంతో చాలామంది రోడ్డు డ్రైవర్లు పార్కింగ్ బ్రేకు బటన్ లాగకుండానే వెళ్లిపోతారు, ఎలాగూ ఆగి ఉంది కదా అని. తర్వాత షంటర్ వచ్చి ఎర్ర పైపు తగిలిస్తాడు. గాలి లోపలికి వెళ్లిన క్షణంలో ఆ బ్రేకులు వదిలేస్తాయి. టగ్ బ్రేకు కూడా మరిచిపోయి ఉంటే మొత్తం కదులుతుంది. మనిషి కిందే ఉంటాడు. పరుగెత్తి క్యాబిన్ ఎక్కి ఆపుదామని చూస్తాడు. ఈ దేశంలో డ్రైవర్లు చచ్చిపోయింది ఇలాగే. ఒకరిద్దరు కాదు.

అందుకే రెండు బ్రేకులూ ఉండాలి. ట్రెయిలర్ పక్కన కింద ఉండే ఎర్ర బటన్, అంటే దాని పార్కింగ్ బ్రేకు బటన్, బయటికి లాగి ఉందా అని కళ్లతో చూడాలి. టగ్‌కి క్యాబిన్ వెనక తలుపు ఉంటుంది, మీరు ఆ తలుపు తీసి మెట్టు మీద నిలబడే పైపు పెట్టేస్తారు. నేల మీద కాలు పెట్టరు. బటన్ కనపడదు.

వైజాగ్ ట్రెయిలర్:
గోదారోడు గారు చెప్పింది నిజమండి. నేను విశాఖ పోర్టు కంటెయినర్లు తోలుతాను. మా దగ్గర సగం ట్రెయిలర్లకి ఆ బటన్ పని చెయ్యదు. టైరు కింద చెక్క పెట్టడమే. చెక్క లేకపోతే రాయి.

ఒక డౌటండి. టగ్ వచ్చి ఎత్తాక అంటున్నారు. బండి లేనప్పుడు ట్రెయిలర్ ముందు భాగాన్ని నిలబెట్టే కాళ్లు చేత్తో తిప్పి పైకి లేపక్కర్లేదా?

టగ్ బాబు:
అక్కర్లేదండి. టగ్ మీద ట్రెయిలర్ కూర్చునే ఫిఫ్త్ వీల్ హైడ్రాలిక్ మీద పైకి లేస్తుంది. కాళ్లు నేలను వదిలేదాకా ఎత్తి లాక్కుపోవడమే. లేకపోతే షిఫ్టు అయ్యేసరికి భుజాలు ఉండవు.

గోదారోడు గారూ, మెట్టు మీద నుంచి పైపు పెట్టేది ఒక్క మేమేనా? లైసెన్స్ ఉన్న షంటర్లు దిగి చూస్తారా? నాకు నేర్పిన ఆయనకి క్లాస్ వన్ ఉంది. ఆయన దిగడం నేనెప్పుడూ చూడలేదు. అసలు బటన్ లాగకుండా వదిలిపోయేది మీ రోడ్డు డ్రైవర్లే అని మీరే రాశారు! లైసెన్స్ ఉన్నవాళ్లు వదిలేసిన పని, లైసెన్స్ లేని నేను సరిచెయ్యాలి. ఇదేం లెక్క?

జెబెల్ అలీ శీను:
పాయింటే.

గేట్‌హౌస్ లక్ష్మి:
నేను గేటు దగ్గర ఆఫీసులో చేస్తాను. బండ్లు లోపలికి పంపేది, ఏ ట్రెయిలర్ ఏ డోరుకో షంటర్లకి చెప్పేది నేనే. ఒక్క ఎర్ర బటన్ పట్టుకుని ఇద్దరూ ఎందుకు వేలాడుతున్నారో నాకు అర్థం కావడం లేదు. నాకు గుండె ఆగిపోయేది డోరు దగ్గర. లోపల ఫోర్క్‌లిఫ్ట్ ట్రెయిలర్‌లోకి ఎక్కి ఉండగానే బయట షంటర్ లాగేస్తే? అందుకే చాలాచోట్ల తాళం పద్ధతి పెట్టారు. ట్రెయిలర్ పైపు దగ్గర తాళం వేస్తేనే దాని చెవి బయటికి వస్తుంది, ఆ చెవి లోపల పెడితేనే డోరు తెరుచుకుంటుంది. లైట్లే ఉన్నచోట ఎరుపు, పచ్చ చూసుకుని నమ్ముకోవాలి.

ఇంకోటి, ట్రెయిలర్ కింద బండి లేకుండా సరుకంతా ముందు వైపు ఉండిపోతే ముక్కు మీద బోర్లాపడుతుంది. అక్కడ కింద స్టాండు పెట్టాలి. అది లైసెన్స్ పరీక్షలో ఎవరూ అడగరు. యార్డులోనే నేర్చుకోవాలి.

గోదారోడు:
లక్ష్మి గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. నేను ఎర్ర బటన్ దగ్గరే ఎందుకు ఆగానంటే, ఆ కుర్రాడికి జవాబు తెలియలేదు. క్లాస్ వన్ పరీక్షలో విప్పి తగిలించేటప్పుడు వరస తప్పితే ఫెయిల్ చేస్తారు. ఐదేళ్లకోసారి 35 గంటలు మళ్లీ కూర్చుని పాఠాలు వినాలి. డాక్టర్ దగ్గర కళ్లు, బీపీ చూపించుకోవాలి. వీళ్లకి అవేవీ లేవు. మూర్ఛ వచ్చేవాడి చేతికి కూడా టగ్ ఇవ్వొచ్చు, ఎవడడుగుతాడు?

టగ్ బాబు:
నాకు జవాబు తెలుసు. మీరడిగింది పైపు పెట్టే ముందు ఏం చూస్తావని, నేను చేసేది చెప్పాను. 35 గంటల పాఠాలంటారా? మీ వాళ్లే చెప్పారు నాకు, వెనక వరసలో కూర్చుని నిద్రపోతామని.

వైజాగ్ ట్రెయిలర్:
మధ్యలో నాదొక మాటండి. ఇక్కడ హెవీ లైసెన్స్ కావాలంటే ముందు కారు లైసెన్స్ ఏడాది పాటు ఉండాలి. ఇన్నేళ్లు 40 అడుగుల పెట్టెలు తోలాను. ఈ లైసెన్స్ అక్కడ చెల్లుతుందా? వెనక్కి తోయమంటే కళ్లు మూసుకుని తోస్తాను.

గోదారోడు:
లారీకి చెల్లదండి. ఇండియా లైసెన్స్ మీద కొత్తగా వచ్చినవాడు ఏడాది కారు నడుపుకోవచ్చు, అంతే. మార్చి ఇవ్వరు. మొదటి నుంచి పరీక్షలు రాసుకోవాలి.

వైజాగ్ ట్రెయిలర్:
అంటే యార్డులో మాత్రం నడపొచ్చు. లైసెన్స్ అడగరు కదా?

టగ్ బాబు:
చట్టం అడగదు :) గోదారోడు గారు అడుగుతారు.

గోదారోడు:
నవ్వు బాగానే వస్తోంది నీకు. నేను ఆ లైసెన్స్ కోసం రాత్రుళ్లు గోడౌన్‌లో చేసి, పగలు శిక్షణకి వెళ్లి, వేల పౌండ్లు అప్పు చేశాను. అప్పట్లో ముందు చిన్న లారీ పరీక్ష, ఆ తర్వాతే ట్రెయిలర్ పరీక్ష. 2021 నవంబర్‌లో డ్రైవర్లు దొరకడం లేదని తిన్నగా ట్రెయిలర్ పరీక్ష రాయనిచ్చారు. ఇప్పుడు అది కూడా వద్దంటున్నారు. నువ్వు ఏం ఖర్చు పెట్టావు?

టగ్ బాబు:
ఎమ్మెస్ ఫీజు ఎంతో చెప్పమంటారా? మా నాన్న ఏం తాకట్టు పెట్టాడో చెప్పమంటారా? మీ అప్పు మీకు పెద్దది, మా అప్పు మాకు పెద్దది.

మీలాంటి ఆయన మా దగ్గరా ఉన్నాడు. మన తెలుగాయనే. ఎడమ వైపుకి, అద్దంలో ట్రెయిలర్ కనపడకుండా పోయే రివర్స్ నాకు మొదట్లో రాలేదు. "అన్నా, ఒకసారి చూపించండి" అని అడిగాను. "లైసెన్స్ తెచ్చుకుని రా, అప్పుడు చూపిస్తా" అన్నాడు. చివరికి నేర్పింది పోలండ్ ఆయన. భద్రత మీద అంత ప్రేమ ఉంటే నేర్పాలి కదండీ? మేం నేర్చుకుంటే మీ షిఫ్టులు పోతాయని భయం. భద్రత పేరు ఊరికే వాడుకుంటున్నారు.

గోదారోడు:
నోరు అదుపులో పెట్టుకో. నువ్వు డిగ్రీ చదివి వీసా కోసం ఎదురుచూస్తూ రెండేళ్లు గడిపి పోయేవాడివి. నాకు ఇదే బతుకు. మోకాళ్లు అరిగాయి, రాత్రుళ్లు లారీలో పడుకోలేక, పిల్లల స్కూలు చూసుకోవాలని షంటర్ పోస్టు ఇవ్వమని డిపోలో అడిగాను. రోడ్డు మీద నలిగినవాళ్లు వయసు వచ్చాక యార్డులోకి రావడం ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటు. "షంటర్ పోస్టులు ఇప్పుడు లేవు" అన్నారు. తర్వాతి వారం నుంచి మీలాంటి కుర్రాడు టగ్ మీద. ఎందుకో తెలుసా? డ్రైవర్ రేటు ఇవ్వక్కర్లేదు. గోడౌన్ రేటు మీద గంటకి కొంచెం కలిపితే చాలు.

జెబెల్ అలీ శీను:
ఇదన్నమాట విషయం. మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఈ పైపుల గొడవ తప్పేది కదా అన్నా.

గోదారోడు:
పైపుల గొడవ అబద్ధం కాదు. రెండూ నిజమే.

గేట్‌హౌస్ లక్ష్మి:
టగ్ బాబూ, ఒకటి అడుగుతాను, ఇష్టమైతేనే చెప్పు. నువ్వు ఏజెన్సీ మీద చేస్తున్నావా? నీ కాగితాల మీద పోస్టు పేరు ఏమని ఉంది?

టగ్ బాబు:
ఏజెన్సీనే అక్కా. వేర్‌హౌస్ ఆపరేటివ్ అని ఉంది.

గేట్‌హౌస్ లక్ష్మి:
అనుకున్నాను. ఇక్కడ ఏజెన్సీ మీద ఒకేచోట ఒకే పనిలో 12 వారాలు దాటితే, ఆ కంపెనీ నేరుగా పెట్టుకుని ఉంటే నీకు ఇచ్చే మూల జీతమే ఇవ్వాలి. 2010 నాటి నిబంధన అది. కానీ నేరుగా పెట్టుకుని ఉంటే ఏ పోస్టులో అన్నదే ప్రశ్న. నీ కాగితం మీద షంటర్ అని ఉంటే షంటర్ జీతం అడగొచ్చు. ఆపరేటివ్ అని ఉంటే పెట్టెలు సర్దేవాళ్లతో పోల్చి చూపించి, సరిగ్గానే ఇస్తున్నాం అంటారు. నువ్వు పెట్టెలు సర్దడం మానేసి చాలా కాలం అయింది కదా? రోజూ నేను చెప్పే డోరు నంబర్లలాంటివి వింటూ ట్రెయిలర్లే లాగుతున్నావు. చేసే పని రాసి చూపించి అడుగు.

గోదారోడు:
అదే నేను మొదటి నుంచీ...

జెబెల్ అలీ శీను:
మొదటి నుంచీ మీరు బటన్ గురించి రాశారు అన్నా.

టగ్ బాబు:
అక్కా, అడగడం మీరన్నంత తేలిక కాదు. నేను అడిగితే వచ్చే వారం షిఫ్టులు రావు. "పని లేదు" అని మెసేజ్ పెడితే చాలు, కారణం కూడా చెప్పక్కర్లేదు. మా దగ్గర టగ్ కోసం ఇంకో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. గోదారోడు గారు పర్మనెంట్, ఆయనకి యూనియన్ ఉంది. ఆయన అడగొచ్చు.

గోదారోడు:
నేను అడగాలంటే ఏమని అడగాలి? "ఆ కుర్రాళ్లని తీసెయ్యండి" అని అడగనా, "ఆ కుర్రాళ్లకి డ్రైవర్ రేటు ఇవ్వండి" అని అడగనా? మొదటిది అడిగితే నువ్వు నన్ను తిడతావు. రెండోది అడిగితే మా వాళ్లు తిడతారు, లైసెన్స్ లేనివాడికి మన రేటా అని.

టగ్ బాబు:
రెండోది అడగండి.

గోదారోడు:
అడుగుతాను, కానీ ఒక షరతు. టగ్ ఎక్కిన ప్రతివాడూ ఏడాదిలోపు లైసెన్స్ తెచ్చుకోవాలి, ఖర్చు కంపెనీ పెట్టాలి.

టగ్ బాబు:
నా వీసా అప్పటిదాకా ఉంటుందో ఉండదో తెలియదు. నాలాంటి వాడి మీద కంపెనీ ఆ డబ్బు పెడుతుందా? మీ షరతు అంటే నన్ను తీసెయ్యమని మర్యాదగా చెప్పడమే.

గోదారోడు:
షరతు మార్చను. రేటు ఒకటే కావాలంటే కాగితం కూడా ఒకటే ఉండాలి.

వైజాగ్ ట్రెయిలర్:
ఏజెన్సీ వాళ్లు ఇండియా నుంచి నేరుగా షంటర్లని తీసుకెళ్తారా అండి? ఎవరైనా చెప్పండి.

గేట్‌హౌస్ లక్ష్మి:
వైజాగ్ గారూ, ఆ పేరుతో డబ్బులడిగేవాళ్లు చాలామంది తిరుగుతున్నారు. షంటర్ ఉద్యోగం, వీసా గ్యారంటీ అని ఎవరన్నా ఒక్క రూపాయి ఇవ్వకండి. దాని గురించి వేరే చర్చ పెట్టండి, అక్కడ రాస్తాను.