అప్‌డేట్: ఫోన్‌లో గుండె చప్పుడు వినబడట్లేదని అడిగాను కదా, కుదిరింది

ఎడ్గార్ అలన్ పో రాసిన, 1843లో అచ్చైన ‘ది టెల్-టేల్ హార్ట్’ కథని నేనే తెలుగు చేసుకుని ఆడియోగా రికార్డు చేస్తున్నానని, హంతకుడు నేల చెక్కల కింద దాచిన శవం నుంచి అతనికి వినబడే గుండె చప్పుడు హెడ్‌ఫోన్స్‌లో బాగున్నా ఫోన్ స్పీకర్‌లో అసలు వినబడట్లేదని అడిగాను. మీలో ఇద్దరు చెప్పిన సలహాతోనే పనైంది, చాలా థాంక్స్ అండీ.

సమస్య వాల్యూమ్‌ది కాదు. నా చప్పుడంతా దాదాపు 100 హెర్ట్జ్ కిందే ఉంది, అంత లోతైన శబ్దాన్ని ఫోన్‌లోని చిన్న స్పీకర్ పలికించలేదు, సౌండ్ పెంచితే హెడ్‌ఫోన్స్‌లో వినేవాళ్లకి నా గొంతు మునిగిపోతుంది. ఆడాసిటీలో (ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) ఆ ట్రాక్‌కి మాత్రం కాస్త డిస్టార్షన్, అంటే శబ్దాన్ని కొంచెం గరుకుగా మార్చే ఎఫెక్ట్, ఇచ్చాను. దాంతో పై ఫ్రీక్వెన్సీలు పుట్టి ఫోన్‌లోనూ స్పష్టంగా వినిపిస్తోంది.

ఇంకోటి, నాకు అన్నిటికంటే నచ్చింది: కథలో పో ఆ చప్పుడుని దూదిలో చుట్టిన గడియారంతో పోలుస్తాడు. నేనూ టిక్ టిక్ మనే అలారం గడియారానికి నిజంగానే దూది చుట్టి, మైకు ఆనించి రికార్డు చేసి, గుండె చప్పుడు కింద చాలా సన్నగా కలిపాను. పోలీసులు కూర్చుని కబుర్లు చెప్పే చోట గుండె చప్పుడు సౌండ్ కంటే దాని వేగం పెంచడమే ఎక్కువ టెన్షన్ పుట్టించింది. వాన, ఉరుములు మాత్రం పెట్టలేదు, కథలో లేవు కాబట్టి. లాంతరు కీలు కిర్రుమనడం ఉంది, అది చాలు.

తర్వాత డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ రాసిన ‘ది మంకీస్ పా’ అనే దెయ్యం కథ చేస్తున్నాను. పాత చెక్క తలుపు గడియ తీసే శబ్దం ఎవరింట్లోనైనా దొరికితే రికార్డు చేసి పంపగలరా?