ఆధారాలు రాబట్టడానికే పిటిషన్ వేయవచ్చా?

ప్రశ్న (ఒంగోలు):
చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ నడిపే మా కుటుంబ ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో నాకు 12 శాతం వాటా ఉంది కానీ డైరెక్టరు పదవి లేదు. మా పెదనాన్న గారి అబ్బాయిలు బ్లాకులను తక్కువ ధరకు తమ సొంత సంస్థకే అమ్ముకుంటున్నారని నా అనుమానం. చేతిలో ఉన్నవి రెండు కాటా చీటీల ఫొటోలే. అమరావతి ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీ వివాదాలు విచారించే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌లో) పిటిషన్ వేసి పదేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు బయట పెట్టించవచ్చా?

జవాబు (నెల్లూరు, న్యాయవాది):
అయ్యా, 2013 కంపెనీల చట్టం 244వ సెక్షన్ అడిగే పదో వంతు వాటా మీకుంది కాబట్టి కంపెనీని సభ్యులకు అన్యాయం జరిగేలా నడుపుతున్నారని 241 కింద పిటిషన్ వేయవచ్చు. పత్రాలు తెప్పించే అధికారం 424వ సెక్షన్ ట్రిబ్యునల్‌కు ఇచ్చిన మాట నిజమే గానీ, అది పిటిషన్‌లో స్పష్టంగా చెప్పిన ఆరోపణను తేల్చడానికే తప్ప, వెతికితే ఏదో ఒకటి దొరక్కపోతుందా అని పదేళ్ల లెక్కలూ తిరగేయడానికి కాదు. 213 కింద కంపెనీ వ్యవహారాలపై దర్యాప్తు కోరినా, తగిన కారణాలున్నాయని చూపే ఆధారాలు ముందు మీరే జతచేయాలి. అనుమానాన్ని నలభై పేజీలు రాసినా అనుమానమే.

జవాబు (కందుకూరు, అకౌంటెంటు):
కోర్టు కంటే ముందు సభ్యుడిగా మీకున్న హక్కులు వాడుకోండి. 119వ సెక్షన్ కింద సర్వసభ్య సమావేశాల మినిట్స్, అంటే చర్చలు, తీర్మానాల రికార్డు, చూడవచ్చు (బోర్డు మినిట్స్ చూపరు), 136 కింద ఆర్థిక నివేదికల ప్రతులు అడగవచ్చు. సొంతవాళ్లతో జరిపిన లావాదేవీల వివరాల కోసం వాటి నోట్స్ చదవండి. చీటీల మీద లారీ నంబరు, తేదీ, బరువు కనిపిస్తుంటే, పిటిషన్‌లో ఆ లోడు ఇన్వాయిస్‌నే అడగండి.

ప్రశ్న వేసినవారు:
ఒక చీటీ మీద తేదీ చెరిగిపోయింది. రెండోది స్పష్టంగానే ఉంది, దానితోనే మొదలుపెడతాను.