బోడకాకర గడ్డలు అడవి నుంచి తవ్వి తేవడం తప్పా?

జనగామ_పెరడు: ఇంటి వెనక రెండు గుంటల జాగాలో బోడకాకర పెడదామనుకుంటున్నా. పోయినేడు గింజలు వేస్తే ఒక్కటీ మొలవలేదు. ములుగు జిల్లాలో పసర ఊరు దాటాక అడవిలో తీగలు బాగా కనిపిస్తాయి. గడ్డలు తవ్వి తెచ్చుకుంటే తప్పంటున్నారు కొందరు. ఎందుకు తప్పు?

మిద్దెతోట_లక్ష్మి: తెచ్చుకోండి, ఏం కాదు. గడ్డయితే తొందరగా కాపుకొస్తుంది.

ఏటూరు_కోయ: ఏం కాదని ఎలా అంటారు లక్ష్మి గారూ? బోడకాకరలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. తవ్వేవాళ్లు పూత చూసి, పువ్వు కింద గోరంత ముళ్ల పిందె ఉన్న తీగనే ఎంచుకుంటారు. ఆడ తీగలు పోయి పొదలో మగవే మిగులుతాయి. ఇక పూతే తప్ప కాయ ఉండదు. చలికాలంలో తీగ ఎండిపోయినా, లోపల గడ్డ ఉంటేనే తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. కాయ కోస్తే తీగకు నష్టం లేదు. గడ్డ తీస్తే ఆ పాదు పోయినట్టే.

రైతుబిడ్డ_కోదాడ: ఎనిమిది, పది ఆడ మొక్కలకు ఒక మగ మొక్క చాలు. అడవిలో మగవి ఎన్ని ఉంటాయో లెక్క చెప్పండి ముందు. ఆడ గడ్డలని చెప్పి ఒక నర్సరీవాళ్లు నాకు అంటగట్టినవన్నీ మగవే. పందిరి వేసి, తీగలు పాకించి, పూత వచ్చాక చూస్తే ఒక్క పిందె లేదు. సీజన్ మొత్తం పోయింది. కళ్లారా పూత చూసి తవ్వుకున్న గడ్డే నమ్మకం.

ఏటూరు_కోయ: నర్సరీవాళ్లు మోసం చేస్తే ఆ నష్టం అడవి భరించాలా అన్నా?

రైతుబిడ్డ_కోదాడ: నేనడిగింది లెక్క. అది చెప్పకుండా వేరే మాటలెందుకు?

వనస్థలి_రాము: మిద్దె మీద పెంచేవాళ్లకు ఒక మాట. అడవి రకం పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. చీకటి పడే వేళ మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు అద్దండి. పిందె నిలుస్తుంది.

రైతుబిడ్డ_కోదాడ: అడవి అందరిదీ. మీరు బస్తాల కొద్దీ కాయ కోసి హైదరాబాద్ పంపొచ్చు, మేం నాలుగు గడ్డలు తెచ్చుకోకూడదా?

ఏటూరు_కోయ: అందరిదీ అంటే సరిపోదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు అడవిలో బతికేవాళ్లకిచ్చింది. అందులో వేర్లు, దుంపలు కూడా ఉన్నాయి. మా అమ్మ వానలో, జలగల మధ్య పొద పొదా వెతికి కోసిన కాయ రోడ్డు పక్కన డబ్బా లెక్కన అమ్ముతుంది. సిటీలో కిలో 200 దాటినా ఆమె చేతికి సగం కూడా రాదు. పిల్లల బడి ఖర్చు ఆ డబ్బుతోనే గడవాలి.

రైతుబిడ్డ_కోదాడ: ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. మీ బాధ గడ్డ గురించి కాదు. మేం పొలంలో పండిస్తే రేటు పడిపోతుందని.

ఏటూరు_కోయ: అదీ ఉంది, దాచడం ఎందుకు? మీకు ఈ పంట కాకపోతే ఇంకో పంట. మాకు ఈ సీజన్‌లో ఇదే. సాగు చేయాలంటే అర్క భారత్, ఇందిరా కంకోడ-1 అనే సాగు రకాలున్నాయి. అవి పెట్టుకోండి, అడవి గడ్డ జోలికి రాకండి.

రైతుబిడ్డ_కోదాడ: అర్క భారత్ వేరే జాతి, కాయ పెద్దది. జనం అడిగేది ఈ చిన్న ముళ్ల కాయనే. పండించేవాడు నష్టపోయినా ఫరవాలేదా? మా అప్పులు అప్పులు కావా?

మిద్దెతోట_లక్ష్మి: ఇద్దరూ కాస్త తగ్గండి. ఆ జనగామాయన గింజల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఏటూరు_కోయ: కొత్త గింజ వెంటనే మొలవదండీ, నెలల తరబడి నిద్రలో ఉంటుంది. దాచిపెట్టి, వచ్చే వేసవి ఆఖరున పెంకు కొద్దిగా చిట్లగొట్టి, రాత్రంతా నానబెట్టి వేయండి. పసుపు తిరిగి పగిలిన కాయను కూరకెవరూ కొనరు, మా వాళ్లు పారేస్తారు. గింజకు అదే కావాలి. జనగామ అన్నా, పచ్చి కాయ రేటే ఇస్తానంటే పండు కాయ మా ఊళ్లో ఏరించి పంపిస్తా.

జనగామ_పెరడు: రేటు ఇస్తా, పంపండి. మొలిచినవి మగవో ఆడవో పూతలో తేలేదాకా ఆగుతా.

రైతుబిడ్డ_కోదాడ: రెండు గుంటలవాళ్లకు ఆగడం సులువే. ఎకరం పందిరి వేసినవాడు ఏం ఆగుతాడు? నాకు గడ్డే కావాలి.