సోప్రానోస్ చివరి సీన్: టోనీ చనిపోయాడా, లేదా? డేవిడ్ ఛేజ్ మాటతో తేలిపోయినట్టేనా?

నడిరాత్రి ప్రేక్షకుడు:
చివరి ఎపిసోడ్ చూడనివాళ్లు దయచేసి ఇక్కడే ఆగిపోండి.

నాలుగు నెలలుగా పని ముగించుకుని ఇంటికొచ్చి రోజూ కాస్త కాస్త, డేవిడ్ ఛేజ్ సృష్టించిన అమెరికన్ టీవీ సీరీస్ 'ది సోప్రానోస్' చూశాను. మొత్తం 86 ఎపిసోడ్లు. నిన్న రాత్రి చివరిది చూశాను. అది అయిపోయిందనాలో, ఆగిపోయిందనాలో తెలియడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

గుర్తు కోసం సీన్ చెబుతాను. న్యూజెర్సీ మాఫియా నాయకుడు టోనీ ఒక మామూలు రెస్టారెంట్‌లో కూర్చుని ఇంటివాళ్ల కోసం ఎదురుచూస్తుంటాడు. జ్యూక్‌బాక్స్‌లో జర్నీ బ్యాండ్ పాట పెడతాడు. భార్య కార్మెలా వస్తుంది. కొడుకు ఏజే వస్తాడు. కూతురు మెడో బయట కారు పార్క్ చేయలేక అవస్థ పడుతుంటుంది. కౌంటర్ దగ్గర కూర్చున్న ఒకతను లేచి బాత్రూమ్‌లోకి వెళ్తాడు. మెడో రోడ్డు దాటి పరుగున వస్తుంది. తలుపు గంట మోగుతుంది, టోనీ తలెత్తుతాడు. అంతే, తెరంతా నలుపు. పాట కూడా మాట మధ్యలో తెగిపోతుంది. సుమారు 10 సెకన్లు ఏమీ ఉండదు. ఆ తర్వాత పేర్లు, వాటికీ సంగీతం లేదు.

కరెంటు పోయిందనుకుని ఫ్యాన్ వైపు చూశాను. తిరుగుతోంది. 2007 జూన్ 10న హెచ్‌బీవోలో ఇది మొదటిసారి వచ్చినప్పుడు అమెరికాలో కూడా చాలామంది కేబుల్ పోయిందనే అనుకున్నారట.

నా మాట ఏమిటంటే, టోనీ చనిపోలేదు. తెర మీద తుపాకీ లేదు, రక్తం లేదు, శవం లేదు. ఎక్కడ చూసినా 'ఛేజే చెప్పేశాడు కదా, చనిపోయాడని' అంటూ ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. తీసినాయన ఏళ్ల తర్వాత ఇంటర్వ్యూలో అన్న మాట కథలో భాగం ఎలా అవుతుంది? నాకు అది అన్యాయంగా అనిపిస్తోంది.

కత్తెర పని:
నేను ఎడిటింగ్ చేసి బతికేవాణ్ణి. ఛేజ్ ఇంటర్వ్యూలన్నీ పక్కన పెట్టండి, నాకు వాటితో పని లేదు. ఆ సీన్‌ను శబ్దం ఆపేసి ఒకసారి, కళ్లు మూసుకుని శబ్దంతో ఒకసారి చూడండి.

తలుపు గంట మోగిన ప్రతిసారీ ఒకే వరస. గంట, టోనీ ముఖం, తర్వాత టోనీకి కనిపించేది. ఎవరో ఒకామె వస్తుంది, ఇంకెవరో వస్తారు, కార్మెలా వస్తుంది. ఇలా రెండు మూడుసార్లు అయ్యేసరికి ఆ వరసకు మన కన్ను అలవాటు పడుతుంది. చివరిసారి కూడా గంట మోగింది, టోనీ ముఖం వచ్చింది. ఆ తర్వాత రావాల్సింది టోనీకి కనిపించేది. వచ్చింది నలుపు. అంటే టోనీకి కనిపించింది నలుపే. ఆ ఎపిసోడ్ రాసింది, డైరెక్ట్ చేసింది ఛేజే. అలాంటి మనిషి ఆ కట్‌ను ఊరికే అక్కడ పెట్టడు.

శబ్దం సంగతి కూడా చూడండి. ఆఖరి సీజన్ రెండో భాగం మొదట్లో టోనీ, అతని అక్క భర్త బాబీ సరస్సులో పడవ మీద కూర్చుని మాట్లాడుకుంటారు. 'ఆ క్షణం వచ్చినప్పుడు మనకు వినపడను కూడా వినపడదేమో' అంటాడు బాబీ. చివరి ఎపిసోడ్‌కు ముందుదానిలో టోనీ తుపాకీ పక్కన పెట్టుకుని పడుకున్నప్పుడు ఆ మాటను మళ్లీ గుర్తుచేశారు. చివరిదానికి ఎనిమిది ఎపిసోడ్ల ముందు వేసిన ముడి ఇది. చివర్లో తుపాకీ శబ్దం ఎందుకు లేదంటే, టోనీకి అది వినపడలేదు కాబట్టి.

నడిరాత్రి ప్రేక్షకుడు:
మీ వాదన బలంగా ఉందండి, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క ప్రశ్న. ఆ సీన్ అంతా టోనీ కళ్లతోనే చూస్తున్నామంటే, మెడో పార్కింగ్ తిప్పలు మనకెలా కనిపించాయి? టోనీ లోపల కూర్చున్నాడు. కారు టైరు అంచుకు తగలడం, ఆమె విసుక్కోవడం, మళ్లీ వెనక్కి తీయడం ఆయనకు కనిపించవు. బాత్రూమ్ వైపు వెళ్లే మనిషిని చూపించినప్పుడూ టోనీ అటు చూడటం లేదు. కెమెరాకు టోనీతో సంబంధం లేని కళ్లు కూడా ఉన్నాయి. టోనీ పోయినా ఆ కళ్లు తెరుచుకునే ఉండాలి కదా?

కత్తెర పని:
మంచి ప్రశ్న. మెడో షాట్లు టెన్షన్ పెంచడానికి వేసినవి. గంట మోగినప్పుడు మాత్రం ఆ వరస తప్పలేదు. అయినా ఈ పాయింట్ నా వాదనకు అడ్డమే, కాదనను. ఇన్నేళ్లలో దీనికి నాకు పూర్తిగా తృప్తినిచ్చే జవాబు దొరకలేదు.

గోదావరి గట్టు:
అసలు చంపేదెవరు, ఎందుకు? అది ఎవరూ చెప్పరేం? న్యూయార్క్ గ్యాంగుతో గొడవ అదే ఎపిసోడ్‌లో సర్దుకుంది. ఆ గ్యాంగు నాయకుడు ఫిల్ లియొటార్డోను చంపుకోవడానికి అతని సొంత మనుషులే పచ్చజెండా ఊపారు. పెట్రోల్ బంకులో మనవల ముందే ఫిల్ చచ్చాడు. ఆ తర్వాత టోనీకి మిగిలిన భయం కోర్టు కేసు. టోనీ గ్యాంగులోని కార్లో సాక్ష్యం చెప్పబోతున్నాడు. కేసు పడే అవకాశం 80, 90 శాతం ఉందని లాయరే అంటాడు. టోనీ కథ జైలు వైపు వెళ్తోంది, శ్మశానం వైపు కాదు. పగ ఉన్నవాడు ఒక్కడూ మిగలకుండా చేసి, చివర్లో ముక్కూ మొహం తెలియని ఒకడు వచ్చి కాల్చేశాడంటే అది కథ ఎలా అవుతుందండీ?

పాత రీళ్లు:
పగ ఉన్నవాళ్లు మిగల్లేదని ఎలా అంటారు అన్నా? టోనీ కింద పనిచేసే పాట్సీ ఉన్నాడు కదా, అతని కవల సోదరుణ్ణి చంపించింది టోనీయే. ఆ పాట్సీ కొడుకుతోనే మెడో పెళ్లి అనుకుంటున్నారు. ఆరు సీజన్లలో టోనీ వల్ల మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో లెక్కపెట్టండి. పేరు తెలియనివాడే రావాలి. టోనీ చేసినవాటికి మూల్యం తెలిసిన మనిషి రూపంలోనే రావాలని ఏముంది?

ఆ కౌంటర్ దగ్గర మనిషిని కూడా తేలిగ్గా వదలకండి. అతను వేసుకున్నది 'మెంబర్స్ ఓన్లీ' అనే బ్రాండ్ జాకెట్. చివర్లో పేర్లు వేసినప్పుడు కూడా అతన్ని 'మెంబర్స్ ఓన్లీ జాకెట్ వేసుకున్న మనిషి' అనే రాశారు. ఆరో సీజన్ మొదటి ఎపిసోడ్ పేరు కూడా అదే. ఆ ఎపిసోడ్‌లోనే మతి తప్పిన జూనియర్ పెదనాన్న టోనీని కాల్చాడు. ఇంకొకటి. 'గాడ్‌ఫాదర్‌'లో మైకేల్ రెస్టారెంట్ బాత్రూమ్‌లోంచి తుపాకీ తెచ్చి ఇద్దర్ని చంపే సీన్ అంటే టోనీకి ప్రాణం. ఆ సంగతి అదే సీజన్‌లో ఏజే టోనీ మొహం మీదే అంటాడు, గిన్నెలో ఐస్‌క్రీమ్ పెట్టుకుని చూస్తూ ఎప్పటికీ ఇదే నా ఫేవరెట్ సీన్ అంటావు కదా అని. చివరికి ఐస్‌క్రీమ్ అమ్మే చోటే కూర్చున్నాడు, ఒకడు బాత్రూమ్‌లోకి వెళ్లాడు. ఇంకేం చూపించాలి?

ఎడిసన్ వదిన:
మేం ఉండేది న్యూజెర్సీలోనే. ఆ చోటు నిజంగా ఉంది, బ్లూమ్‌ఫీల్డ్‌లో హోల్‌స్టెన్స్. మా వారికి ఈ షో పిచ్చి. పెళ్లైన కొత్తలో నన్ను అక్కడికే తీసుకెళ్లారు. అప్పటికి నేను ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. ఐస్‌క్రీమ్, చాక్లెట్లు అమ్మే పాతకాలపు చోటు. పిల్లల్ని వేసుకుని వచ్చిన కుటుంబాలే ఎక్కువ. తర్వాత సీరీస్ మొత్తం చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అక్కడ భయపడాల్సింది ఏదీ లేదు. గంట మోగినప్పుడల్లా తలెత్తి చూడటం టోనీ తెచ్చుకున్న జబ్బు. మిగతావాళ్లంతా హాయిగా తింటున్నారు.

టోనీ వాళ్లు కూర్చున్న ఆ బల్ల, సీట్లు 2024లో వేలం వేశారు. 82,600 డాలర్లు పలికింది. అంత పెట్టి కొన్నది ఆ ప్రశ్ననే కదా అనిపించింది నాకు.

చనిపోయాడా లేదా అంటే, నాకైతే చనిపోయాడనే అనిపిస్తుంది. కానీ నాకు బాధ టోనీ గురించి కాదు, మెడో గురించి. రెండు నిమిషాలు ముందు పార్క్ చేసి ఉంటే తండ్రి పక్కన కూర్చునేది. ఆలస్యం కావడం వల్ల బతికిందో, లేక తలుపు తీయగానే అంతా కళ్లారా చూసిందో.

గోదావరి గట్టు:
వదిన గారూ, మీరు రాసింది చదివాక నా మాట కొంచెం తగ్గించుకుంటున్నాను. అయినా చంపినవాడెవరో తెలియకపోవడం నాకు మింగుడు పడదు. మనం 'శుభం' కార్డు చూసి లేచే అలవాటున్నవాళ్లం. కథ కంచికి, మనం ఇంటికి. ఇక్కడ కథా కంచికి పోలేదు, మనమూ ఇంటికి పోలేదు.

నడిరాత్రి ప్రేక్షకుడు:
ఛేజ్ మాటల దగ్గరికి వద్దాం. చర్చ మొదలుపెట్టింది దానికోసమే. నిన్నటి నుంచి దొరికినవన్నీ చదివాను.

2007లో షో అయిపోగానే ఒక పత్రికతో, తెర మీద ఉన్నదానికి వివరణ ఇవ్వడం గానీ ఏదైనా కలపడం గానీ తనకు ఇష్టం లేదన్నారు. 2014లో ఒక వ్యాసం, టోనీ చనిపోలేదని ఆయనే చెప్పారని రాసింది. వెంటనే ఆయన తరఫువాళ్లు ఆ మాటను తప్పుగా అర్థం చేసుకున్నారని ప్రకటించారు. 2015లో డైరెక్టర్స్ గిల్డ్ పత్రికకు షాట్ షాట్‌గా ఆ సీన్ విడమర్చి చెప్పారు. చూసేవాళ్లకు టోనీ చనిపోయి ఉంటాడన్న ఆలోచన వస్తుందని తనకు తెలుసన్నారు తప్ప, చనిపోయాడని అనలేదు. తర్వాత సీరీస్ 20 ఏళ్ల సందర్భంగా ఇద్దరు విమర్శకులు తెచ్చిన పుస్తకంలో, మాటల్లో పడి 'ఆ చావు సీన్' అనేశారు. వాళ్లు పట్టుకుంటే నాలిక కరుచుకున్నారు. 2021లో, మొదట అనుకున్నది టోనీ న్యూయార్క్‌కు మీటింగ్‌కు వెళ్లి చచ్చే సీన్ అని, తర్వాత ఒక చిన్న హోటల్ చూసి ఇలాంటి చోట జరగాలనిపించిందని చెప్పారు.

పద్నాలుగేళ్లు. ఒకే మనిషి, ఇన్ని మాటలు. 'ఛేజ్ చెప్పేశాడు' అనేవాళ్లు వీటిలో ఏ ఛేజ్‌ను నమ్మమంటారు? ఆయన మనసులో చావు ఉందని నేనిప్పుడు ఒప్పుకుంటున్నాను. మనసులో ఉన్నదాన్ని కావాలనే తెర మీదికి రానివ్వలేదు. రానివ్వకపోవడం కూడా ఆయన నిర్ణయమే కదా, దానికి విలువ లేదా? మనం అక్కడ తుపాకీ శబ్దం కలిపితే అది ఆయన తీసిన సీన్ కాదు, మనది.

కత్తెర పని:
ఇది నేను ఒప్పుకుంటాను. చనిపోయాడని నా కన్ను చెబుతోంది. కానీ 'రుజువైంది' అనే మాట ఇకపై వాడను.

పాత రీళ్లు:
నేను ఒప్పుకోను. అన్ని గుర్తులు పెట్టి చివరి అడుగు వేయకపోవడం నన్ను మోసం చేసినట్టే అనిపిస్తుంది. 2013లో టోనీ పాత్ర వేసిన గాండొల్ఫీనీ పోయారు. ఆయనతో పాటు ఆ జవాబు కూడా పోయింది. ఇక ఎవరూ వచ్చి తర్వాతి సీన్ తీయలేరు. అది నాకు బాధ.

నడిరాత్రి ప్రేక్షకుడు:
మీ బాధ నాకు అర్థమవుతోంది. నాదీ అదే. అందుకే ఈ రాత్రి మళ్లీ పెట్టాను. ఈసారి తలుపు వైపు, బాత్రూమ్ వైపు చూడకూడదని అనుకుని కూర్చున్నాను. టేబుల్ మీద మాటలే విన్నాను. 

ఏజే తన కొత్త ఉద్యోగం గురించి కాస్త గొణుగుతాడు. తర్వాత, మంచి రోజుల్నే తలుచుకోవాలి అంటాడు. టోనీ వెటకారం అనుకుంటాడు. 'నువ్వే కదా ఒకసారి అన్నావు, మంచిగా గడిచిన సమయాల్ని గుర్తుపెట్టుకోమని' అంటాడు ఏజే. టోనీకి గుర్తు లేదు. 'నేనా, అన్నానా?' అంటాడు.

ఇక్కడ ఆపేశాను. ఎందుకంటే ఈ సీన్‌కు కాస్త ముందే టోనీ జూనియర్ పెదనాన్నను చూడటానికి వెళ్తాడు. ముసలాయనకు మతి పోయింది, ఎవరినీ గుర్తుపట్టడు. 'నువ్వూ మా నాన్నా కలిసి నార్త్ జెర్సీని ఏలారు' అని టోనీ గుర్తుచేస్తే, ముసలాయన 'మేమా, ఏలామా?' అంటాడు. తర్వాత, బాగుందే అంటాడు. రెండు చోట్లా దాదాపు అదే మాట. ఏ రాజ్యం కోసం పెదనాన్న అంతమందిని చంపించాడో అదే ఆయనకు గుర్తు లేదు. కొడుకు ఇన్నేళ్లు దాచుకున్న తన మంచిమాటే టోనీకి గుర్తు లేదు. రెండుసార్లు చూసినా నేను దీన్ని పట్టుకోలేదు. గంట ఎప్పుడు మోగుతుందా అని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను, టోనీలాగే.

చావు సంగతి నాకింకా తెలియదు. కానీ టోనీకి ఏం పోయిందో మాత్రం తెలిసింది. అది గంట మోగకముందే పోయింది.

ఎడిసన్ వదిన:
ఏజే చెప్పిన ఆ మాట మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లోది తమ్ముడూ. 1999. గాలివానలో నలుగురూ టోనీ స్నేహితుడు ఆర్టీ రెస్టారెంట్‌లో తలదాచుకుంటారు. కరెంటు లేదు, కొవ్వొత్తుల వెలుగులో తింటుంటారు. టోనీ గ్లాసు ఎత్తి పిల్లలతో అంటాడు, రేపు మీకూ సొంత కుటుంబాలు వస్తాయి, అదృష్టం ఉంటే ఇలాంటి చిన్న చిన్న క్షణాలు మీకు గుర్తుంటాయి అని.

ఆ రాత్రి మెడో కూడా ఆ టేబుల్ దగ్గరే ఉంది.