కిమ్చీకి కొరియా కారం చిన్న ప్యాకెట్ ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్తే. మాది కూకట్‌పల్లి. ఈ సెలవుల్లో మా అమ్మాయీ నేనూ కలిసి ఇంట్లోనే కిమ్చీ, అదే కొరియావాళ్ల పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి, పెడదామనుకున్నాం. మొన్న మాదాపూర్ వైపు ఒక చిన్న ఏషియన్ కిరాణా కొట్టుకు వెళ్లాం. రెండు వరుసల అరలే, కానీ పైకప్పు దాకా నూడుల్స్, సాసు సీసాలు, ఎండు సముద్రపు నాచు. సగం లేబుళ్లు కొరియా భాషలోనే. కౌంటర్ దగ్గరి కుర్రాడు పాపం ఓపిగ్గా అన్నీ చూపించాడు. దానికి వేసే కొరియా కారం, గోచుగారు అంటారు, అది మాత్రం కిలో ప్యాకెట్టే ఉంది. ఒక్క క్యాబేజీకి అంతెందుకని వచ్చేశాం.

గుంటూరు కారం వేస్తే మంటకు తినలేం. గోచుగారు గింజలు తీసి బరకగా కొట్టినది, రంగెక్కువ, ఘాటు తక్కువ. బేగంబజార్‌లో బ్యాడిగి మిరపకాయలు కొని, గింజలు దులిపి, బరకగా పట్టిస్తే ఆ రుచి వస్తుందా? ఎవరైనా చేసి చూశారా?

ఇంకో మాట. మా అత్తయ్య శాకాహారి, ఆవిడా తినాలని నా ఆశ. కిమ్చీలో వేసే చేపల సాసు బదులు సోయా సాసు వేస్తే ఉప్పు ఏమైనా మార్చాలా?

చిన్న ప్యాకెట్లు, పొడుగు చైనా క్యాబేజీ సికింద్రాబాద్ వైపు దొరికినా సరే, వెళ్లి తెచ్చుకుంటాం. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, ఆదివారం పెట్టాలనుకుంటున్నాం.