ఎర్టిగా పైన లగేజీ క్యారియర్: రంధ్రాలు చేసి బిగించాలా, క్రాస్‌బార్లు తీసుకోవాలా?

బెజవాడ బాటసారి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్నది పెట్రోలు ఎర్టిగా. అమ్మానాన్నలు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా మేనత్త కలిసి బయలుదేరితే మూడు వరుసలూ నిండిపోతాయి. మూడో వరుస సీటు నిలబెట్టి ఉంచినప్పుడు వెనుక మిగిలే చోటు 209 లీటర్లే కాబట్టి, రెండు మధ్యరకం పెట్టెలు పెట్టేసరికి డిక్కీ తలుపు మూయడమే కష్టమవుతోంది. మిగిలిన సంచులు కాళ్ల దగ్గరా ఒళ్లోనూ పెట్టుకుని కూర్చోవలసి వస్తోంది. కార్తీక మాసంలో శ్రీశైలం, అది ముగిశాక తిరుమల వెళ్లాలనుకుంటున్నాము. ఈలోగా బండి పైన క్యారియర్ ఏర్పాటు చేసుకోవాలని ఆలోచన.

ఆటోనగర్‌లో ఒక షెడ్డులో విచారించాను. స్టీలు గొట్టాలతో క్యారియర్ తయారు చేసి, పైకప్పుకు నాలుగు మూలలా రంధ్రాలు వేసి నట్లు బోల్టులతో బిగిస్తామని, వంద కిలోలు వేసినా కదలదని చెప్పారు. వాళ్లు అడిగిన ధర కంపెనీ క్రాస్‌బార్ల (పైకప్పు మీద అడ్డంగా బిగించే కమ్మీల) ధరలో మూడో వంతు కూడా లేదు. అయితే కొత్త బండి పైకప్పుకు రంధ్రం చేయడానికి మనసు ఒప్పుకోవడం లేదు. మా బండికి పైకప్పు అంచుల వెంట పొడవునా ఉండే రెయిల్స్ లేవు. తలుపుల పై అంచుకు కొక్కేలు తగిలించి బిగించే క్రాస్‌బార్లు నిజంగా నిలుస్తాయా? వాటి మీద ఎంత బరువు వేయవచ్చు? దారిలో పోలీసులు అభ్యంతరం చెబుతారా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

గుంటూరు గరాజు

ముందుగా ఆ రంధ్రాల సంగతి. దయచేసి చేయించకండి. కారు పైకప్పు రేకు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దాని బలమంతా అంచుల వెంట ఉన్న దూలాలలోనూ, లోపల అడ్డంగా అతికించిన పట్టీలలోనూ ఉంటుంది. పల్చని రేకు మీద బోల్టు బిగించి నలభై కిలోలు మోయించి గతుకుల రోడ్డు మీద నడిపితే, ఆ బోల్టు చుట్టూ రేకు కొద్దికొద్దిగా అలసిపోయి చిట్లుతుంది. రంధ్రం చేసిన చోట పెయింటు పొర పోతుంది కనుక తుప్పు అక్కడే మొదలవుతుంది. కింద రబ్బరు వాషరు వేసి సిలికాన్ పూసినా, మన ఎండకు రెండు వేసవులు గడిచేసరికి అది గట్టిపడి పగులుతుంది. ఆ తరువాత వాన నీరు లోపలి గుడ్డ మీదికి దిగుతుంది. పైగా ఎర్టిగాలలో చాలావాటికి రెండో వరుసవారి ఏసీ గాలి పైకప్పు నుంచే వస్తుంది. ఆ గాలి గొట్టాలూ లైట్ల తీగలూ రేకుకూ లోపలి గుడ్డకూ మధ్యనే ఉంటాయి. పై నుంచి డ్రిల్లు వేసేవాడికి అవి ఎక్కడున్నాయో కనబడవు.

బార్లు దేనిని పట్టుకుని నిలుస్తాయన్నదే అసలు విషయం. పాత అంబాసిడర్, పద్మిని వంటి బండ్లకు పైకప్పు అంచు పొడవునా వాన నీటి గాడి ఉండేది. క్యారియర్ కాళ్లు ఆ గాడిని పట్టుకునేవి, అందుకే ఆ రోజుల్లో ఈ ప్రశ్నే తలెత్తలేదు. ఇప్పటి బండ్లలో కొన్నింటికి పైకి లేచి ఉన్న రెయిల్స్ ఉంటాయి, కొన్నింటికి ఏమీ ఉండవు. రెయిల్స్ ఉన్నంత మాత్రాన అవి బరువు మోస్తాయని నమ్మడానికి లేదు, ఎందుకంటే అందం కోసం అమర్చిన రెయిల్స్ చాలా ఉన్నాయి. రెనో ట్రైబర్ రెయిల్స్‌కు 50 కిలోల వరకు పరవాలేదని కంపెనీయే ప్రకటించింది. అలా అంకె రాసి ఇచ్చినదాన్నే నమ్మాలి, లేనిదాన్ని అలంకారంగానే చూడాలి.

మీ బండి వంటి నున్నటి పైకప్పుకు సరిపడేవి, మీరన్నట్టు, తలుపు తీస్తే కనబడే పై అంచును పట్టుకునే కొక్కేల బార్లే. ఆ అంచు దృఢమైన దూలంలో భాగం కాబట్టి సరిగ్గా బిగిస్తే గట్టిగానే నిలుస్తాయి. కాకపోతే ఆ కొక్కెమూ, బారు కాలి కింద ఉండే రబ్బరు మెత్తా మీ మోడల్ పైకప్పు వంపుకు అచ్చంగా సరిపోవాలి. పేరున్న కంపెనీలు కాళ్లనూ బార్లనూ చాలా బండ్లకు ఒకే రకంగా చేసి, కొక్కేలు, మెత్తలు ఉన్న కిట్‌ను మాత్రం మోడల్ వారీగా విడిగా అమ్ముతాయి. మీరు చెల్లించే డబ్బులో ఎక్కువ విలువ ఆ చిన్న కిట్‌లోనే ఉంది. ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అని రాసి అమ్మేవి ఏ కారుకూ సరిగ్గా కూర్చోవని నా అభిప్రాయం.

కొండాపూర్ కాపురం

చిన్న మాట. మీ అపార్టుమెంటు సెల్లారులోకి దిగే చోట దూలం ఎంత ఎత్తులో ఉందో ముందు టేపు పెట్టి కొలవండి. ఎర్టిగా ఎత్తు దాదాపు 1.7 మీటర్లు. దాని మీద బారు, బారు మీద పెట్టె కలిస్తే 2.1 మీటర్లు దాటడం పెద్ద విషయం కాదు. మా సెల్లారులో ఒక మహాశయుడి పెట్టె మూత దూలానికి తగిలి నెర్రెలిచ్చింది. రైల్వే వంతెనల కింద దారులలో ఎత్తు అడ్డుకమ్మీలు ఉన్న చోట్ల కూడా ఇదే చిక్కు వస్తుంది. పైన పెట్టె ఉన్న సంగతి డ్రైవరుకు గుర్తుండేలా మొత్తం ఎత్తును కాగితం మీద రాసి స్టీరింగు దగ్గర అంటించుకోవడం మంచిది.

లెక్కల మాష్టారు

అందరూ క్యారియర్ ఎలా బిగించాలో మాట్లాడుతున్నారు కానీ, బండి ఆ బరువు మోయగలదా అని ఎవరూ అడగడం లేదు. క్యారియర్ వల్ల పెరిగేది చోటు మాత్రమే, బండి మోసే శక్తి ఒక్క కిలో కూడా పెరగదు. ఖాళీ బండి బరువెంతో, అన్నీ కలిపి దాటకూడని బరువెంతో కంపెనీ లెక్కకట్టి మాన్యువల్‌లో ఇస్తుంది. ఈ రెండింటి తేడాలోనే మనుషులూ సామానూ ఇమడాలి. ఆ తేడా 550 కిలోలు అనుకుందాం. సగటున 65 కిలోల చొప్పున ఏడుగురు పెద్దవాళ్లు ఎక్కితే 455 కిలోలు అక్కడే అయిపోయాయి. మిగిలింది 95 కిలోలు. డిక్కీలోని పెట్టెలు, కాళ్ల దగ్గరి సంచులు, మంచినీళ్ల క్యాను, క్యారియర్ సొంత బరువు, దాని మీది సామాను అన్నీ ఆ 95లోకే రావాలి. వంద కిలోలు వేసినా కదలదని షెడ్డువాళ్లు అన్నది నిజమే కావచ్చు. క్యారియర్ కదలదు, బండి స్ప్రింగులూ బ్రేకులూ మాత్రం కుంగుతాయి.

రెండో హద్దు పైకప్పుది. నడుస్తున్న బండి పైకప్పు మీద వేయదగిన బరువును మాన్యువల్‌లో వెదకండి. బార్ల పెట్టె మీద కూడా ఒక అంకె ఉంటుంది. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు. ఉదాహరణకు హద్దు 50 కిలోలు, బార్లు 5 కిలోలు, మూత పెట్టె 15 కిలోలు అయితే మీరు వేయగలిగింది 30 కిలోలే. గుడ్డతో చేసిన మడత సంచి తీసుకుంటే పెట్టె బరువులో చాలా భాగం మిగులుతుంది. కాబట్టి బియ్యం మూట, కొబ్బరికాయల సంచి వంటి బరువైనవి కింద డిక్కీలో పెట్టి, దుప్పట్లు, బట్టల సంచులు వంటి తేలికైనవీ చోటు తినేవీ పైకి పంపండి. మనలో చాలామంది దీనికి సరిగ్గా విరుద్ధంగా చేస్తారు.

పైన వేసిన బరువు బండి గరిమనాభిని (బరువు కేంద్రాన్ని) పైకి జరుపుతుంది. శ్రీశైలం దారిలో దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మలుపుల్లో బండి పక్కకు ఒరగడం, బ్రేకు వేసినప్పుడు ముందుకు కుంగడం మీకే తెలుస్తాయి. గాలి అడ్డగింపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 50 కిలోమీటర్ల వేగం నుంచి 100కు పోతే ఆ అడ్డగింపు నాలుగింతలవుతుంది. అందుచేత పైన సామాను ఉన్నప్పుడు నేను 80 దాటను. పూర్తి బరువుతో బయలుదేరేటప్పుడు టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద విడిగా ఉంటుంది, అది కూడా చూసుకోండి.

నల్లకోటు

చట్టం విషయం చెబుతాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నియమాన్ని గట్టిగానే సమర్థించింది. చేత్తో తీసి పెట్టుకోగలిగిన క్రాస్‌బార్లను ఈ మార్పుల కింద చూడటం కష్టమని నా అభిప్రాయం, కానీ పైకప్పుకు శాశ్వతంగా బిగించిన స్టీలు చట్రం విషయంలో అదే ధీమాతో వాదించలేను. దీనికన్నా మీరు జాగ్రత్త పడవలసినది 194వ సెక్షన్. 2019 సవరణ తరువాత, సామాను బండి పక్కలకు గాని, ముందుకు గాని, వెనక్కు గాని పొడుచుకు వచ్చినా, అనుమతించిన ఎత్తు దాటినా ఇరవై వేల రూపాయల జరిమానా వేసి, ఆ సామానును అక్కడే దింపించే అధికారం ఉంది. చాపల చుట్ట గాని మడత మంచం గాని అడ్డంగా వేసి కట్టకండి. బీమా కంపెనీకి కూడా బార్ల విలువ తెలిపి, అదనపు పరికరాల కింద పాలసీలో చేర్పించుకుంటే నష్టం జరిగిన రోజున వాదన ఉండదు.

బెజవాడ బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. మాష్టారి లెక్క చూశాక మా వాళ్ల బరువులు, సంచుల బరువులు తూచి రాసుకున్నాను. పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి కొంత వెసులుబాటు ఉంది. పైన 25 కిలోలు దాటనవసరం లేదని తేలింది. రంధ్రాల ఆలోచన మానుకుని, మోడల్‌కు సరిపడే కిట్‌తో క్రాస్‌బార్లు, వాటి మీదికి గుడ్డ సంచి తీసుకుందామని నిర్ణయించాము. బిగించడం నేనే చేసుకోవచ్చా? మరొకటి, అలిపిరి దగ్గర పైనున్న సామాను కూడా దింపమంటారా?

గుంటూరు గరాజు

నిస్సందేహంగా మీరే చేసుకోవచ్చు, ఒక మనిషి తోడుంటే చాలు. పైకప్పునూ, తలుపు అంచులనూ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి ఆరనివ్వండి. మెత్త కింద ఇసుక రేణువు మిగిలితే అది ప్రయాణమంతా పెయింటును గీస్తూనే ఉంటుంది. బారు ఎక్కడ కూర్చోవాలో కిట్‌తో వచ్చిన కాగితంలో మిల్లీమీటర్లలో ఇస్తారు. ముందు అద్దం పై అంచు నుంచి కుడివైపూ ఎడమవైపూ విడివిడిగా కొలిచి గుర్తు పెట్టుకోండి. రెండు బార్ల మధ్య సుమారు 70 సెంటీమీటర్ల ఎడం ఉంటే సంచి నిలకడగా కూర్చుంటుంది. ఒక పక్క పూర్తిగా బిగించి తరువాత రెండో పక్కకు పోతే బారు జరిగిపోతుంది, అందుకని అటు కొంచెం, ఇటు కొంచెం మార్చి మార్చి బిగించండి. వాళ్లిచ్చే తాళంచెవి వంటి పనిముట్టుకు హద్దు గుర్తు ఉంటుంది, ఆ గుర్తు దాటి బలం చూపితే తలుపు అంచు వంగుతుంది. బిగించాక బారును పట్టుకుని గట్టిగా ఊపండి. బారు కాక బండి మొత్తం ఊగితే సరిగ్గా కూర్చున్నట్టు. తలుపులు నాలుగూ మూసి పైపుతో నీళ్లు కొట్టి, రబ్బరు అంచు దగ్గర లోపలికి చెమ్మ వస్తుందేమో చూడండి. వెనుక తలుపు పూర్తిగా పైకి లేపి సంచికి తగులుతుందేమో కూడా అప్పుడే గమనించండి.

క్రాస్‌బార్ల మీద సంచిని నేరుగా వేస్తే మధ్యలో జారి పైకప్పుకు రాసుకుంటుంది. కింద జారని రబ్బరు చాప గాని, తేలికపాటి ట్రే గాని వేయండి. తాడు విషయంలో నైలాన్ తాడు వద్దు, తడిస్తే సాగుతుంది. కార్తీకంలో కోస్తాలో తుఫాను వానలు మామూలే కదా. పాలియెస్టరు పట్టీలు తీసుకుని సంచి హుక్కులకే కాక బార్లకు కూడా చుట్టండి. సడెన్ బ్రేకులో సామాను ముందుకే దూకుతుంది కాబట్టి ముందు వైపు కట్టు అన్నిటికన్నా గట్టిగా ఉండాలి. పట్టీకి ఒక మెలి వేసి కడితే గాలికి వచ్చే రొద తగ్గుతుంది. బయలుదేరాక ఇరవై ముప్పై కిలోమీటర్లకు ఒకసారి ఆగి బార్లనూ పట్టీలనూ మళ్లీ బిగించండి, కొత్త మెత్తలు మొదట్లో కొద్దిగా అణగుతాయి. యాత్ర ముగిశాక బార్లు విప్పి ఇంట్లో పెట్టండి. ఊరికే మోస్తే రొదా, పెట్రోలు ఖర్చూ దండగ.

తిరుపతి తీరిక

అలిపిరి తనిఖీ కేంద్రంలో ప్రయాణికులందరూ దిగి సామానంతా స్కానింగు యంత్రం గుండా పంపాలి, పైనున్న సంచికి మినహాయింపు ఉండదు. రద్దీ రోజుల్లో వెనుక వరుసగా బండ్లు నిలిచి ఉండగా ముడులు విప్పడం, మళ్లీ కట్టడం చాలా ఇబ్బంది. ఒకే పెద్ద సంచిలో అన్నీ కుక్కేకన్నా, పై సంచి జిప్పు తెరిస్తే చిన్న సంచులు విడివిడిగా చేతికి అందేలా సర్దుకోండి, అప్పుడు పట్టీలు విప్పకుండానే పని జరుగుతుంది. నన్నడిగితే, తిరుపతిలోనే బస ఉన్న పక్షంలో పై సామాను గదిలో వదిలి, కొండపైకి కావలసిన ఒకటి రెండు సంచులతోనే వెళ్లడం మేలు. శ్రీశైలం వైపు అటవీ గేట్లు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసి ఉంచుతారు, అందుకే దోర్నాలకు చీకటి పడకముందే చేరేలా బయలుదేరండి.