లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్ ఉబ్బిపోయింది, ఇక పారేయాల్సిందేనా?

అన్నలూ ఒక డౌటు, మాది వైజాగ్. పాత సైకిల్‌కి హబ్ మోటార్ పెట్టి రెండు 6ఎస్ (ఒక్కోదాంట్లో సిరీస్‌లో ఆరు సెల్స్) లైపో ప్యాక్‌లు సిరీస్‌లో కలిపాను, ఫుల్ ఛార్జ్‌లో 50.4 వోల్టులు. మొన్న హనుమంతవాక ఎత్తు ఎక్కించి ఇంటికొచ్చి చూస్తే ఒక ప్యాక్ పూరీలా ఉబ్బుంది, అందులో ఒక సెల్ 3.2 వోల్టులు, మిగతావన్నీ 3.7. బ్యాలెన్స్ ఛార్జర్‌కి (సెల్స్ అన్నిటినీ సమానంగా ఛార్జ్ చేసేది) పెడితే 4.2కి ఎక్కుతుంది గానీ తెల్లారేసరికి మళ్ళీ దిగిపోతోంది. దీని పనయిపోయినట్టేనా? బాగున్న పాత ప్యాక్‌కి కొత్తది జత చెయ్యొచ్చా, లేక రెండూ మార్చాలా?

ఇంకోటి, కనెక్టర్ గుచ్చినప్పుడల్లా టప్పుమని స్పార్క్ వచ్చి పిన్ను నల్లబడింది, స్పార్క్ రాకుండా ఆపే యాంటీ స్పార్క్ ఎక్స్‌టీ90 కనెక్టర్ వేస్తే సరిపోద్దా? మోటార్ కంట్రోలర్ 20 ఆంప్స్‌ది, ఫ్యూజ్ ఎంతది వెయ్యాలి? ఉబ్బినదాన్ని ప్రస్తుతానికి మేడ మీద నీడలో ఇసుక బకెట్లో పెట్టాను, అమ్మయితే అటు బట్టలారెయ్యడానికి కూడా వెళ్ళట్లేదు. ఇక్కడ ఇలాంటివి ఎవరు తీసుకుంటారో తెలిస్తే చెప్పండి.